రెండో పేజీ

మే 6

దీన్ని తెలుగులో రాస్తున్నానంటే భాష మీద ప్రేమ పొంగి కాదు. అమ్మీకి ఉర్దూ తప్ప వేరే అక్షరం రాదు. అబ్బాకు టేపు మీది అంకెలు చాలు, ఆయన లోకమంతా కుట్టుమిషనే. కాబట్టి ఈ పుస్తకం దిండు మీద వదిలేసి పోయినా నాకు భయం లేదు.

ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే తల పగిలేట్టుంది. ఒక ఖాళీ పేజీ నా ప్రాణం తోడేస్తోంది. మా ఆఫీసు కిందే దేవరాజులు సార్ ల్యాబ్. ఆయన రక్తపరీక్షల రిపోర్టులు జనం ఫోన్లకు లింకుగా వెళ్లే ఏర్పాటు మేమే చేసిచ్చాం. మేమంటే శేఖరన్న, నేను. బోర్డు మీద మునిశేఖర్ అని ఆయన పేరుంటుంది, బోర్డు వెనకాల పనంతా నాది. లింకు నొక్కితే రిపోర్టు ముందు వెబ్ పేజీగా తయారై, మా సర్వర్‌లో పీడీఎఫ్‌గా మారి, ఫోన్లో తెరుచుకోవాలి. తెరుచుకుంటోంది కూడా. కాకపోతే మొదటి పేజీలో వెంట్రుకవాసి చోటు చాలక, ఏమీ లేని రెండో పేజీ ఒకటి పుట్టుకొస్తోంది. పైన సామి బొమ్మ, ల్యాబ్ పేరు. కిందంతా తెలుపు.

నా లాప్‌టాప్‌లో అది రాదు. సర్వర్‌లోకి పోగానే వస్తుంది. ఇంట్లో పులి వీధిలో పిల్లి అంటే నేను రాసిన కోడే.

ఈ రోజు ఒక పెద్దాయన మెట్లెక్కి పైకి వచ్చాడు. పంచె, భుజాన తువ్వాలు, చేతిలో నెట్ సెంటర్లో తీయించిన రెండు కాగితాలు. పేరు పెంచలయ్య అని కాగితం మీదే ఉంది.

"కంప్యూటరోళ్లు మీరేనంట గదా పాపా. ఈ రెండో కాగితంలో ఏమో రాసి సెరిపేసినారు. నాకు సెప్పకూడని రోగమా?"

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. వడమాలపేట దగ్గర మామిడితోటకు కాపలా ఉంటాడట. కిడ్నీలు చెడ్డాయి, నెలనెలా పరీక్షలు చేయించుకోవాలి. పండ్లలో ఉండే పొటాషియం కిడ్నీ రోగులకు విషమట, అందుకని కూతురు పండు ముట్టనివ్వదట.

"మామిడితోటకు కావిలి, మామిడిపండు తినకూడదు. ఎట్లుండాది సూడు నా బతుకు. నా కూతురు రూతు నర్సు. దానికి సూపిచ్చే ముందర నువ్వు సెప్పు, ఏముండాది ఇందులో?"

"ఏమీ లేదు పెద్దాయనా. మా కంప్యూటర్ చేసిన తప్పది. కాగితంలో లేదంటే ఒంట్లో కూడా లేనట్టే. భయపడొద్దు."

ఆయన ఆ తెల్లకాగితాన్ని వెలుతురుకు పెట్టి ఇంకోసారి చూసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. నమ్మాడో లేదో తెలీదు. ఆయన దిగిపోయాక శేఖరన్నా నేనూ కాసేపు నవ్వుకున్నాం.

మే 7

మార్జిన్ తీసేశాను. వచ్చింది. అడుగున సంతకం పెట్టే చోటు తగ్గించాను. వచ్చింది. అక్షరాలు చిన్నవి చేశాను. ఒక రిపోర్టుకు పోయింది, ఇంకోదానికి వచ్చింది.

శేఖరన్న గుమ్మంలో నిలబడి, "ఇంకా ఆ తెల్లకాగితమేనా అఖ్సా? దేవరాజులు సార్ నా మీద అరుస్తా ఉండాడు. సామి బొమ్మ ఉండే కాగితాన్ని జనాలు చించి రోడ్డు మీద పారేస్తా ఉండారంట. తొక్కుతా ఉండారంట. ఆ పాపం నాకు చుట్టుకుంటాదంటాడు" అన్నాడు.

"బొమ్మ తీసేద్దామన్నా."

"తిరుపతిలో ఉండి సామి బొమ్మ తీసెయ్యమని నేను చెప్పాల్నా? నువ్వైనా పోయి చెప్పు."

నేనేం చెప్తాను. నా పేరు వినగానే ఆయన ఆ మాటను ఇంకో రకంగా వింటాడు. బొమ్మ ఉంటుంది, పేజీ పోవాలి.

మే 8

పోయింది.

పేజీ పొడుగు ఇంత అని బిగించేసి, దాన్ని దాటి వచ్చేది ఏదైనా దాచెయ్యమని ఒక్క లైను రాశాను. అంతే. అసలు ఆ వెంట్రుకవాసి ఎక్కడి నుంచి వస్తోందో తెలియలేదు, తెలుసుకునే ఓపిక కూడా పోయింది. ఇరవై రిపోర్టులు తీసి చూశాను, అన్నీ ఒక్కో పేజీయే. దేవరాజులు సార్ కింద నుంచి పాలకోవా పంపించాడు. ఆ పెంచలయ్య ఈసారి వచ్చినప్పుడు గుండె మీద చెయ్యి వేసుకుని ఇంటికి పోతాడు, ఆ మాట తలుచుకుంటే కోవా కంటే తియ్యగా ఉంది.

ఇంటికొచ్చి అబ్బాకు గొప్పగా చెప్పాను. ఆయన పాయింటుకు సుద్దగీత గీస్తూ, తలెత్తకుండా, "పొడుగెక్కువైతే మడిచి కుట్టాలమ్మా, కత్తిరించకూడదు. తెగిన గుడ్డ మళ్లీ రాదు" అన్నాడు.

"నేను కత్తిరించింది ఉత్త తెల్లగుడ్డ అబ్బా" అన్నాను.

మే 24

దేవరాజులు సార్‌కు కొత్త సరదా. సామి బొమ్మ కింద తెలుగులో రెండు వరుసలు వేయాలట. ఇంటి దగ్గరికే వచ్చి రక్తం తీసుకుంటాం, పెద్దవాళ్లను ప్రత్యేకంగా చూసుకుంటాం అని. వేశాను. మళ్లీ రెండో పేజీ వస్తుందేమోనని సర్వర్‌లో తీసి చూశాను. రాలేదు. ఒక్కటే పేజీ. భేష్ అఖ్సా బేగం.

ఇంకో సంగతి. ఏదైనా అంకె ప్రమాదంగా ఉంటే ల్యాబ్‌లో నిస్సార్ భాయ్ పేషెంట్లకు ఫోన్ చేసి చెప్పేవాడు. సార్ అది మాన్పించాడు. "లింకు పోతా ఉంది, ఎర్రగా కనపడతా ఉంది, ఇంక ఫోన్లెందుకు?" అన్నాడట. మా పని మీద అంత నమ్మకం కుదిరిందని శేఖరన్న ఉబ్బిపోయాడు. నిజం చెప్పాలంటే నేనూ ఉబ్బాను.

మే 29

తిరుచానూరులో పూలమ్మే నిర్మలమ్మ లింకు తెరవడం రాక పైకి వచ్చింది. తెరిచి చూపించాను. మూరెడు మల్లెలు ఇచ్చి పోయింది. ఎండ మాడిపోతోంది.

జూన్ 3

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పొద్దున శేఖరన్న కింద నుంచి వచ్చి, తలుపు దగ్గరేసి, మెల్లగా అడిగాడు. "కింద గలాటాగా ఉండాది. పేషెంటు ఎవరో పెద్దాయన చనిపోయినాడంట. కూతురు వచ్చింది. డాక్టరు రాసిచ్చిన పొటాషియం పరీక్ష మీరెందుకు చేయలేదని అడగతా ఉండాది. ల్యాబోళ్లేమో చేసినామంటా ఉండారు. నువ్వు ఒకసారి చూడు."

పేరు చెప్పాడు. వడమాలపేటలో ఎంతమంది పెంచలయ్యలుండరు అనుకున్నాను. కూతురు నర్సట. ఎంతమంది కూతుళ్లు నర్సులు కారు అనుకున్నాను.

ల్యాబ్‌వాళ్లు ఎక్కించిన అంకెలుండే డేటాబేస్‌లో చూశాను. పొటాషియం ఉంది. 6.9. ఐదున్నర దాటితేనే ప్రమాదం. తర్వాత పీడీఎఫ్ తీశాను. యూరియా, క్రియాటినిన్, సోడియం. అక్కడితో పేజీ అయిపోయింది. చక్కగా, ఒక్క పేజీలో, ఏమీ తక్కువ కానట్టు.

సర్వర్‌లో మేం వాడే తెలుగు ఫాంట్ లేదు. లేనప్పుడు అది తనకు తోచిన ఇంకో ఫాంట్ వేస్తుంది, దాని వరుసలు పొడుగు. నేను ఆ మధ్య వేసిన రెండు వరుసలు అక్కడ నాలుగు వరుసల చోటు తిన్నాయి. పట్టిక కిందికి జరిగింది. అడుగు వరుసలు నేను బిగించిన గీత దాటాయి. గీత దాటిందాన్ని దాచెయ్యమని చెప్పింది నేనే.

ఇది కనిపెట్టగానే చేసిన మొదటి పని రాయాలి. అమ్మీ షుగరు రిపోర్టు తెరిచాను. అది నిండుగా ఉంది. అల్‌హమ్దులిల్లా అనుకున్నాను. ఆ తర్వాతే మిగతావాళ్లవి చూడాలనిపించింది. చాలామందికి అడుగున సంతకం తెగింది, అంతే. కొందరికి వరుసలే తెగాయి. తిరుచానూరు నిర్మలమ్మకు క్రియాటినిన్ తెగింది. 4.1. అంటే ఆమె కిడ్నీలు చెడిపోతున్నాయి, ఆమెకు ఆ సంగతి తెలియదు. ఆ రోజు ఆమె ఫోన్లో ఆ రిపోర్టు తెరిచి, ఇదిగోమ్మా అని చూపించింది కూడా నేనే.

ఆ లైను తీసేశాను. ఫాంట్ వేశాను. ఇప్పుడు ఏ లింకు నొక్కినా అన్నీ కనిపిస్తాయి, పాతవీ కొత్తవీ. నొక్కినప్పుడల్లా పీడీఎఫ్ కొత్తగా తయారవుతుంది కదా.

జూన్ 4

శేఖరన్నకు అంతా చెప్పాను. ఆయన చాలాసేపు ఫోన్‌ను బల్ల మీద తిప్పుతూ కూర్చున్నాడు.

"బాగు చేసేసినావు గదా. ఇంక ఆ మాట ఎత్తొద్దు."

"ఆ మిగతావాళ్లకు ఫోన్ చేద్దామన్నా. నిర్మలమ్మకైనా."

"చేసి ఏమని చెప్తావు? ఒకరికి చెప్తే వాళ్లు పదిమందికి చెప్తారు. ల్యాబ్ మూత పడతాది, దాని వెనకాల మనం. ఇప్పుడు లింకులో అన్నీ కనపడతా ఉండాయి గదా, చూసుకుంటారులే. ఆ పెద్దాయన విషయం అంటావా, కిడ్నీలు పోయిన మనిషి. ఈ పొద్దు కాకపోతే రేపు."

నేను గట్టిగానే వాదించాను.

అంత గట్టిగా కాదు.

జూన్ 5

దేవరాజులు సార్ కిందికి పిలిపించాడు. లాప్‌టాప్ తీసుకుని పోయాను. ఆయనకు అసలు సంగతి తెలియదు, శేఖరన్న చెప్పలేదు. ఆయన తన ల్యాబ్ పరీక్ష చేసిందని మాత్రమే నమ్ముతున్నాడు, అది నిజమే.

ఎదురుగా రూతు. నా కంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. నిద్రలేని కళ్లు, సన్నటి మెడ, తండ్రి పోలికే. పుత్తూరులో నర్సింగ్‌హోమ్‌లో పని చేస్తుందట. కేకలు వేయడానికి రాలేదు. తెలుసుకోవడానికి వచ్చింది.

"నీ ఫోన్లోనే తెరువమ్మా, నా కంప్యూటర్‌లో వద్దు. మళ్లీ నేనేమో మార్చినానంటావు" అన్నాడు సార్, మెత్తగానే.

ఆమె లింకు నొక్కింది. ఫోన్ ఏదో అడిగితే అవునంది. రిపోర్టు తెరుచుకుంది. అడుగున ఎర్రగా 6.9.

ఆమె వేలితో పైకీ కిందికీ జరిపింది. "ఇది ఆ పొద్దు లేదు సార్."

"ఉన్నింటాదమ్మా. గాబరాలో చూసుకోనుండవు. ఏమ్మా," అని నా వైపు తిరిగాడు, "మధ్యలో ఎవరైనా మార్చినారా ఇది?"

"లేదు సార్. డేటాబేస్‌లో మొదటి నుంచీ ఉండాది" అన్నాను.

రూతు నన్ను చూసింది. అనుమానంగా కాదు. నర్సు డాక్టరును చూసినట్టు, చెప్పింది విని తలూపేటట్టు చూసింది.

"అయితే నేనే చూసుకోలేదు. ఈసారి లింకుకు నా నంబరే ఇచ్చినాం, ఆ పొద్దు డ్యూటీకి పోతా బస్సులో తెరిచినాను. ఎర్రగా ఉండేది క్రియాటినిన్ ఒక్కటే కనపడింది, అది ఎప్పుడూ ఉండేదే. పొటాషియం ఈసారి రాయలేదేమో అనుకున్నాను. బాగుండాది నాయనా అని ఫోన్ చేసి చెప్పినాను. సాయంత్రం ఇంటికి పోయినాక మామిడిపండు అడిగినాడు. నేనే కోసిచ్చినాను సార్. వద్దు వద్దని ఏడాదిగా చెప్పిందాన్ని, నా చేత్తో నేనే కోసిచ్చినాను."

సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నేను లాప్‌టాప్ మూసి పైకి వచ్చేశాను.

జూన్ 6

నేను అబద్ధం చెప్పలేదు.

జూన్ 7

డేటాబేస్‌లో మొదటి నుంచీ ఉంది. ఆ మాటకొస్తే ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు, ఎక్కించిన సమయంతో సహా ఉంటుంది. మార్చారా అని అడిగాడు. మార్చలేదు అన్నాను. ఇందులో అబద్ధం ఎక్కడుంది?

జూన్ 10

లాడ్జివాళ్ల బిల్లుల పని మొదలుపెట్టాం. అక్కడ కూడా పీడీఎఫ్‌లే. శేఖరన్న ఈ మధ్య నాతో చాలా మర్యాదగా మాట్లాడుతున్నాడు, టీ తనే తెస్తున్నాడు. ఆ టీ బల్ల మీదే చల్లారిపోతోంది.

నిర్మలమ్మ ఈపాటికి లింకు మళ్లీ తెరిచి చూసుకునే ఉంటుంది.

లింకు తెరవడం రాకనే కదా పైకి వచ్చింది.

జూన్ 14

దేవరాజులు సార్ పైకి వచ్చి కూర్చున్నాడు. వడమాలపేట నుంచి వచ్చిన పేషెంట్ ఎవరో చెప్పాడట.

"ఆ బిడ్డ డ్యూటీకి పోవడం మానేసిందంట శేఖరా. రిపోర్టు చూడటం రాని నర్సు ఎవరికి పనికొస్తాది అనిందంట. తల్లి కూడా ఆయమ్మి చేతి కూడు తినడం లేదంట. మొగుని చావుకు కూతురే కారణమని ఆమె మనసులో పడిపోయింది. పాపం, మనం ఆ పొద్దు అట్ల ముఖం మీద చూపించకుండా ఉంటే బాగుండు."

శేఖరన్న నా వైపు చూడలేదు. నేను కీబోర్డు మీద ఏదో కొడుతూనే ఉన్నాను. ఏం కొట్టానో తర్వాత చూస్తే స్క్రీన్ నిండా ఒకటే అక్షరం.

జూన్ 15

అమ్మీ బేనీషా మామిడిపండ్లు కోసింది. చిలక్కొట్టుడు పండు తియ్యగా ఉంటుందని ఏరి నా పళ్లెంలో పెట్టింది. పళ్లెం పక్కకు జరిపాను. ఆఫీసులో ఎవరితోనైనా గొడవా అని అడిగింది. లేదన్నాను. దిష్టి తీస్తానని ఎండుమిరపకాయలు వెతుక్కుంటూ వంటింట్లోకి పోయింది.

ఆ అమ్మాయి తల్లి తినడం లేదట. అదే గుర్తొస్తోంది.

జూన్ 18

ఒక సంగతి ఇంతవరకూ రాయలేదు. అమ్మీకి తెలుగు రాదని ధైర్యంగా అన్నీ రాసేదాన్ని, ఇది మాత్రం రాయలేదు.

ఆ రోజు ల్యాబ్ గదిలో రూతు లింకు నొక్కినప్పుడు ఫోన్ ఏదో అడిగిందని రాశాను. ఏమడిగిందో నాకు తెలుసు. ఈ ఫైలు ఇదివరకే దించుకున్నారు, మళ్లీ దించుకోమంటారా అని అడిగింది. ఆమె చదవకుండా అవునని నొక్కేసింది. నేను చదివాను. అంటే మే నెలాఖరున బస్సులో ఆమె తెరిచిన పాత పీడీఎఫ్ ఆమె ఫోన్లోనే ఉంది. పొటాషియం లేని పీడీఎఫ్. సర్వర్‌లో నేను ఎంత బాగు చేసినా అది మారదు.

ఆమె నిర్దోషి అనే రుజువు ఆమె చేతిలోనే ఉంది. ఆ సంగతి ఆమెకు తెలియదు. నాకు ఆ క్షణంలోనే తెలుసు. తెలిసే మొదటి నుంచీ ఉండాది అన్నాను.

అబద్ధం కాదట. ఎంత సిగ్గులేనిదాన్ని నేను.

జూన్ 21

రేపు వడమాలపేట పోతున్నానని శేఖరన్నకు చెప్పాను. తిట్టలేదు. "పోతే సోమవారం ఈడికి రావద్దు" అన్నాడు. మళ్లీ తనే, "నేనూ పిల్లలున్నోణ్ణి అఖ్సా" అన్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. కోపమంతా ఒకే చోట ఖర్చయిపోతోంది.

నిస్సార్ భాయ్‌కు కూడా చెప్పాను. తెగిన వరుసలవాళ్ల ఫోన్ నంబర్లన్నీ, ఎందుకని అడగకుండా, సరిచూసి ఇచ్చాడు.

జూన్ 22, ఆదివారం

రోడ్డు పొడుగునా ఫ్యాక్టరీలకు పోయే మామిడికాయల ట్రాక్టర్లు. బస్సు వాటి వెనకాల నడిచింది. వడమాలపేటలో దిగి అడిగితే, ప్రార్థన అయిపోయి వస్తున్న ఆడవాళ్లు ఇల్లు చూపించారు. రేకుల ఇల్లు, ముందర చాప మీద ఆరేసిన చింతపండు.

పెంచలయ్య భార్య ఆనందమ్మ నన్ను ఎవరో ఆస్పత్రి మనిషి అనుకుంది. కుర్చీ వేసి, గ్లాసుతో మజ్జిగ తెచ్చి పక్కన పెట్టింది. రూతు లోపలి నుంచి వచ్చి నన్ను గుర్తుపట్టింది.

"మళ్లీ ఏమైనా సంతకాలు కావాల్నా?" అంది.

"లేదక్కా. మీ ఫోన్ ఒకసారి ఇస్తారా?"

ఇచ్చింది. దించుకున్న ఫైళ్లలోకి పోయాను. ఒకే పేరుతో రెండున్నాయి. రెండోదాని పేరు చివర ఒకటి అని అంకె. మొదటిది తెరిచి ఆమె చేతిలో పెట్టాను.

"ఇది మీరు ఆ రోజు బస్సులో చూసింది."

ఆమె చూసింది. సోడియం దగ్గరికి వచ్చి ఆగింది. ఇంకా కిందికి జరపాలని చూసింది, జరగలేదు. రెండోది తెరిచింది. అడుగున 6.9. మళ్లీ మొదటిది. అలా ఎన్నిసార్లు మార్చి మార్చి చూసిందో.

"మా," అని తల్లిని పిలిచింది. "మా, ఈడికి రా. ఇందులో లేదు. సూడు. నేను సూసినాను మా, సరిగ్గానే సూసినాను. ఇందులో లేనే లేదు."

ఇన్ని రోజులూ నర్సులా మాట్లాడిన మనిషి ఒక్కసారిగా చిన్నపిల్లయిపోయింది. ఆనందమ్మకు ఫోన్లోది అర్థం కాలేదు. కూతురి ముఖం అర్థమైంది.

"అయితే నువ్వు కాదా?"

"నేను కాదు మా."

"మరెవురు?"

రూతు నా వైపు చూసింది. నేను లేచి నిలబడ్డాను. "నేనమ్మా" అన్నాను. ఖాళీ పేజీ సంగతి, దాన్ని పోగొట్టడానికి రాసిన లైను, అది ఈ వరుసను దాచేసిన సంగతి, ఆ రోజు ల్యాబ్‌లో తెలిసి తెలిసి మాట్లాడిన మాట, అన్నీ చెప్పాను. అర్థమయ్యేటట్టే చెప్పాననుకుంటా. ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను.

ఆనందమ్మ వచ్చి, నేను ఇంకా ముట్టని మజ్జిగ గ్లాసు తీసుకుని, గడప దాటి పోయి, మట్టిలో పారబోసింది. గ్లాసు కడిగి లోపలికి పోయింది. తర్వాత లోపల అన్నం గిన్నె మూత చప్పుడైంది. "రూతూ, కూడు పెట్టు" అనడం వినిపించింది.

రూతు లోపలికి పోయింది. నేను బయటికి వచ్చి, బస్సు ఆగే చోట నిలబడ్డాను. ఎంతసేపటికో ఆమె వెనకాలే వచ్చింది. చేతులు కడుక్కున్న తడి ఇంకా ఆరలేదు.

"ఆ పొద్దు సాయంత్రం నాయన నా ఫోన్ తీసుకోని తానే చూసినాడు" అంది. "చదవడం రాదు. పైకీ కిందికీ జరిపినాడు. 'ఈసారి ఆ తెల్లకాగితం రాలేదు సూడు, పైన కంప్యూటర్ పాప బాగు సేసినట్టుండాది. కాగితంలో లేదంటే ఒంట్లోనూ లేనట్టేనని ఆయమ్మి ముందే సెప్పింది' అన్నాడు. శానా సంతోషపడినాడు. అప్పుడే పండు అడిగినాడు."

క్షమించండి అనే మాట నోటిదాకా వచ్చి, అంత చిన్న మాటను ఆమె ముందు పెట్టడానికి సిగ్గేసింది.

"నీ మీద కేసు పెట్టొచ్చు నేను" అంది.

"పెట్టండక్కా. నేను చెప్పింది అక్కడా చెప్తాను."

ఆమె రోడ్డు వైపు తిరిగింది. ఒక ట్రాక్టర్ పోయింది. తర్వాత ఇందాకటి గొంతు కాదు, డ్యూటీ గొంతుతో అడిగింది. "ఇంకా ఎవరెవరివి తెగినాయి?"

సంచిలోంచి నంబర్లు తీసి చూపించాను. ఎవరికి ఏ పరీక్ష తెగిందో పక్కనే రాసుకున్నాను. ఆమె వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది. నిర్మలమ్మ దగ్గర ఆగింది.

"క్రియాటినిన్ 4.1. ఈమెకు తెలుసా?"

"తెలియదు."

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"జూన్ మూడు నుంచి."

నన్ను కొట్టినా బాగుండునేమో. ఆమె కొట్టలేదు. "బస్సు వచ్చేలోపల చెయ్" అంది.

చేశాను. గుడి దగ్గర రద్దీ, మైకులో ఏదో పాట, దాని మధ్యలో నిర్మలమ్మ గొంతు. ల్యాబ్ పైన ఆఫీసు అమ్మాయినని చెప్పాను. వెంటనే గుర్తుపట్టి, "మల్లెపూల పాపా, నువ్వా? ఏంది నాయనా, ఆ రిపోర్టు గురించేనా? ఏమన్నా భయపడాల్సింది ఉండాదా?" అంది.

పక్కన రూతు నా ముఖమే చూస్తోంది.

"ఉండాదమ్మా" అన్నాను. "పూలు ఎవరికైనా అప్పజెప్పి, ఇప్పుడే ఆస్పత్రికి బయలుదేరు."